కీటక విశేషము

మన పాత నిఘంటువులలో నాకు ఒళ్ళు మండించే మాట ఒకటుంది, "విశేషము". చెట్టు పేరు వెతికితే వృక్ష విశేషము. పిట్ట పేరు వెతికితే పక్షి విశేషము. పురుగు పేరైతే కీటక విశేషము. ఆ విశేషమేమిటో మాత్రం చెప్పరు! వ్యుత్పత్తి, రూపాంతరం, కావ్యప్రయోగం అన్నీ ఓపికగా ఇచ్చిన చేయి పురుగు దగ్గరికి వచ్చేసరికి దులుపుకుని వెళ్ళిపోతుంది. ఆ దులుపుకోవడం నిఘంటువులతోనే ఆగి ఉంటే నేనీ టపా రాయనక్కరలేదు. అది మన కళాశాలలకు పాకింది, ప్రభుత్వ దస్త్రాలకు పాకింది, రాయలసీమ గురించి మనమే చెప్పుకునే మాటలకూ పాకింది.

నా ఆరోపణ ముందే చెప్పేస్తాను. కర్నూలు, కడప సీమలలో పురుగును లెక్కపెట్టడం అది పంట తిన్న తరువాతనే మొదలవుతుంది. పంట జోలికి రాని పురుగు మన శాస్త్రానికీ లేదు, సాహిత్యానికీ లేదు. ఈ అలక్ష్యానికి మూల్యం చెల్లిస్తున్నవాడు పండితుడు కాదు, రైతు.

భాషనే చూడండి. పురుగు పట్టింది, పురుగులా చూశారు, పురుగుమందు. చంపేదానికి "మందు" అని పేరు పెట్టుకున్న భాష మనది. మా పల్లెల్లో "మందు తాగినాడంట" అన్న మాట వినబడితే వైద్యం చేయించుకున్నాడని ఎవరూ అనుకోరు; ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. అంతకన్న ఆ మాటను గురించి ఇక్కడ రాయలేను.

మా సీమవాడని మేము గర్వంగా చెప్పుకునే వేమన కూడా ఈ విషయంలో న్యాయం చేయలేదు. తల్లిదండ్రుల మీద దయలేని కొడుకును పుట్టలోని చెదలతో పోల్చిన పద్యం మనందరికీ కంఠస్థమే. చెదలకు జరిగినంత అన్యాయం మరే పురుగుకూ జరగలేదేమో. పుట్టలోని కూలి చెద తన ఆయుష్షంతా తల్లికి తిండి పెట్టడంలో, తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ పెంచడంలో గడుపుతుంది. మెట్ట నేలల్లో పుట్టలు పెట్టే చెదలలో చాలావాటికి వ్యవసాయం కూడా వచ్చు: తెచ్చిన ఎండుటాకును, పుల్లను నమిలి, దానిమీద ఒక జాతి బూజును పెంచి, ఆ బూజును తింటాయి. వానలు పడ్డాక పుట్టమీద లేచే గొడుగులు ఆ తోటలోనివే. "పుట్టగొడుగు" అన్న పేరు పెట్టిన పల్లెజనానికి ఈ సంబంధం తెలుసు. మాటను నిఘంటువులోకి ఎక్కించినవారికే పుట్ట వైపు వంగి చూసే తీరిక దొరకలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2000 సంవత్సరం ఖరీఫులో మాకు పక్కనే ఉన్న అనంతపురం జిల్లాలో వేరుశనగ ఉన్నట్టుండి మాడిపోయింది. లేత మొక్కకు మొవ్వు ఎండి, కాండం నల్లబడి, నిలువునా చచ్చిపోయింది. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. చూసినవారంతా మొదట మొవ్వుకుళ్ళు తెగులనే అనుకున్నారు, అది పాత శత్రువే కనుక. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది వేరు, పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. అంతవరకూ మన దేశంలో వేరుశనగలో దాని ఊసే లేదు.

ఆ వైరస్ మొక్కకు ఎలా చేరిందన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. గట్లమీద, బాటల పక్కన, బీళ్ళలో ఎక్కడ చూసినా వయ్యారిభామ. 1950లలో దేశంలో కనబడి, అన్ని జిల్లాలూ తిరిగి, మా మెట్టల్లో స్థిరపడిన కలుపు. వైరస్ దానిలో ఉంటుంది, దానికి మాత్రం ఏమీ కాదు. పచ్చగా నవ్వుతూ పూస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పూలలో తామర పురుగులు ఉంటాయి, కంటికి ఆనీ ఆననంతటివి. అవి పుప్పొడి అంటించుకుని వేరుశనగ మీదికి వస్తాయి, గాలికి కూడా పుప్పొడి వచ్చి ఆకుమీద పడుతుంది. పురుగు ఆకును గీకినప్పుడు పడిన గాయంలో నుంచి వైరస్ లోపలికి పోతుంది. అంటే నేరస్థుడు ఒక్కడు కాదు. కలుపు, పువ్వు, గాలి, పురుగు, లేత ఆకు, ఇన్ని కలిస్తే గాని ఆ తెగులు లేదు. అందుకే పరిష్కారం కూడా డబ్బాలో దొరికేది కాదు: వయ్యారిభామ పూతకు రాకముందే పీకెయ్యాలి, పొలం చుట్టూ జొన్నగాని సజ్జగాని వరసలుగా దట్టంగా వేసి అడ్డు కట్టాలి.

జీవావరణ శాస్త్రం అంటే ఇదీ. ఎవరు ఎవరి మీద బతుకుతున్నారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సాయంతో అన్న లెక్క. ఆ ఏడాది ఆ లెక్క మనకు 300 కోట్లు పోయాక దొరికింది. అంతకుముందే ఎవరైనా ఒక మెట్ట ఊరి గట్టుమీద కూర్చుని, వయ్యారిభామ పూలలో ఏయే పురుగులు వాలుతున్నాయో రెండేళ్ళు రాసిపెట్టి ఉంటే? తెగులు ఆగేదని నేననను. కాని ఎక్కడ వెతకాలో మొదటివారంలోనే తెలిసేది.

ఇది ఒకనాటి ముచ్చటే అయితే వదిలేద్దును. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన మరో తామర పురుగు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద ఉన్నట్టు నమోదైంది. ఆరేళ్ళ తరువాత, 2021లో, అదే నల్ల తామర పురుగు ఆంధ్ర, తెలంగాణలలోని మిరప తోటలను ఊడ్చిపెట్టింది. రైతుకు దొరికిన సలహా ఎక్కువగా దుకాణదారుడి సలహా. ఒక డబ్బాకు లొంగకపోతే రెండు డబ్బాలు. బీటీ పత్తి కథా ఇంతే. 2002లో అనుమతి వచ్చినప్పుడు కాయతొలిచే పురుగు పీడ విరగడైందని పండుగ చేసుకున్నాం. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటున్నదని తేలింది, 2015 నాటికి రెండో రకాన్నీ దాటింది. పురుగు అలవాటు నేర్చుకుంటుంది. దాని అలవాట్లను మనం నేర్చుకోము.

పాత రైతుకు ఈ చదువు కొంత ఉండేది. తొలకరికి దీపాలచుట్టూ మూగే రెక్కల పురుగును చూసి, మరి కొద్దిరోజుల్లో ఎర్ర గొంగళి దండు వేరుశనగ మీద పడుతుందని తెలుసుకునేవాడు. ఊరంతా ఒక్క రాత్రి పొలాల్లో మంటలు పెట్టేవాళ్ళు. పొలానికీ పొలానికీ మధ్య చాలు తవ్వేవాళ్ళు, గొంగళ్ళు దాటకుండా. ఏడాదిలో ఎక్కువ కాలం అది నేలలో గూడు కట్టుకుని నిద్రపోతుందని తెలుసు గనుక వేసవి దుక్కి లోతుగా దున్ని, గూళ్ళను కాకులకూ కొంగలకూ అప్పగించేవాళ్ళు. పొలంబడులలో మిత్ర పురుగులు, శత్రు పురుగులు అని రైతుల చేత లెక్కపెట్టించడం మొదలైనప్పుడు నేను నిజంగా సంతోషించాను. అక్షింతల పురుగు మనవైపున ఉందని తెలిసి మందు డబ్బా పక్కన పెట్టిన రైతులను నేనెరుగుదును. కాని మిత్రుడూ శత్రువూ కానివారే లోకంలో ఎక్కువమంది కదా! వారి పట్టీ ఏదీ?

ఇక్కడ నాకొక అభ్యంతరం ఎదురవుతుందని తెలుసు. నా ముఖానే అన్నవారూ ఉన్నారు: "తాగడానికి నీళ్ళు లేనిచోట తూనీగలు లెక్కపెట్టమంటావా?" వినడానికి గొప్ప ప్రజాపక్షంగా ఉంటుంది ఈ మాట. నేనడిగేది ఒకటే. నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో పొద్దుతిరుగుడు వేసిన రైతుకు వ్యవసాయశాఖ ఇచ్చే సలహా ఎప్పుడైనా చదివారా? పూత దశలో, పొద్దున పూట, పలుచని గుడ్డ చేతికి చుట్టుకుని ఒక్కొక్క పువ్వు మొహాన్నీ మెల్లగా రుద్దాలి, రోజు విడిచి రోజు. ఎందుకు? గింజ పట్టడానికి. అది తేనెటీగ చేసే పని. ఎకరానికి రెండు తేనెపెట్టెలు పెట్టుకుంటే ఈ రుద్దుడు అక్కరలేదని అదే కరపత్రం చెబుతుంది. ఈగ ఊరికే చేసే పనికి కరువు రైతు కూలి ఇచ్చుకుంటున్నాడు. ఎన్ని ఈగలుండేవి, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి అన్నది విలాసపు ప్రశ్న అంటారా?

ఎర్రచందనం సంగతి చూడండి. లోకంలో సహజంగా పెరిగేది ఎక్కువగా కడప, కర్నూలు, చిత్తూరు కొండలలోనే. దుంగలు కాయడానికి ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్సు ఉంది, తుపాకులున్నాయి, పత్రికల్లో రోజూ వార్తలున్నాయి. ఆ చెట్టు కాయాలంటే తేనెటీగలు వాలాలి. కొండ తేనెటీగ, పుట్ట తేనెటీగ, జుంటీగ. 2002లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ చెట్టు పరాగసంపర్కాన్ని గమనించి కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. దుంగకు కాపలా ఉంది. ఈగకు? శేషాచలం, లంకమల, నల్లమలలో తేనెపట్టులు ఏటేటా ఎన్ని అని లెక్కగట్టే మనిషిని ఒక్కరిని వెయ్యడానికి ఎంత ఖర్చవుతుందో, పట్టుకున్న దుంగల లారీ ఒక్కటి ఎంత చేస్తుందో, పక్కపక్కన పెట్టి చూడండి.

పురుగు మీది చిన్నచూపుకు మా నేల మీది చిన్నచూపు తోడైంది. సినిమావాళ్ళకు సీమ అంటే సుమోలు, కత్తులు. కథకులకు బండలు, వలసలు, ఎండిన బోరుబావులు. (అవి అబద్ధాలని కాదు. వాటితోనే పుట జరిగిపోతున్నదని నా బాధ.) ప్రభుత్వానికైతే బంజరు. దేశపు బంజరు భూముల అట్లాసులో పొదల నేల అనేది ఒక తరగతి. అంటే బూరుగడ్డి, తుమ్మ, రేగు, కలివి పొదలున్న నేలను చూసి అక్కడ ఏమీ లేదని రాసుకున్నారన్నమాట. ఆ కలివి పొదలలోనే కదా 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర కలివికోడి దొరికింది! 1900 తరువాత ఎవరి కంటా పడక, అంతరించిందని అంతా అనుకున్న పక్షి, ఐతన్న అనే పల్లెటూరి మనిషి చేతికి చిక్కింది. దాని కోసం తెలుగుగంగ కాలువను పక్కకు జరిపారు, సంతోషం. అది రాత్రిపూట నేలమీది పురుగులను ఏరుకుని తిని బతుకుతుంది. రోళ్ళపాడు బట్టమేకకూ వానాకాలమంతా మిడతలే పండుగ భోజనం. 1988లో దానికోసం అభయారణ్యం ప్రకటించాం. పిట్టకు హద్దురాళ్ళు పాతాం, పిట్ట తినే మిడతను గురించి అడిగినవాడు లేడు. ఈనాడు రోళ్ళపాడులో బట్టమేక కనబడడమే గగనమైపోయింది.

అదే పాత కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ళ దగ్గర దాదాపు 6,000 ఎకరాలలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. సూర్యుడి కరెంటుకు నేను విరోధిని కాను; బొగ్గుకన్నా నయమే. అయితే సౌర ఫలకాల ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను పరిధిలోకి రావన్న సంగతి మీలో ఎందరికి తెలుసు? ఆ నేలమీద ఏముండేదో ఎవరూ రాసిపెట్టనక్కరలేదు. నీళ్ళలో గుడ్లు పెట్టే కొన్ని పురుగులు నల్లగా మెరిసే ఫలకాలను చూసి నీళ్ళని భ్రమపడి వాటిమీదనే గుడ్లు పెడతాయని 2010 నాటికే ఐరోపా పరిశోధకులు చూపించారు. కరువు జిల్లాలో పురుగుకు కూడా ఎండమావే!

ఊరి ఉమ్మడి నేలను మనం "పోరంబోకు" అంటాం. అదే మాటను మనుషులను తిట్టడానికీ వాడతాం. జపాన్‌లో ఇలాంటి నేలకు, అంటే ఊరివాళ్ళు కట్టెలకూ ఆకుఎరువుకూ వాడుకునే చిట్టడవి, దాన్ని ఆనుకున్న మళ్ళు, చెరువు, కాలువగట్టు, వీటన్నిటికీ కలిపి "సతోయామా" అని పేరు. ఆ పేరు వాళ్ళకు తిట్టు కాలేదు. 2003లో వాళ్ళ పర్యావరణ శాఖ దేశమంతటా వెయ్యి స్థలాలను ఎంచుకుని, నూరేళ్ళపాటు గమనించాలని ఒక పని మొదలుపెట్టింది. అందులో సతోయామాల పని చాలావరకు ఊరివాళ్ళదే. సీతాకోకచిలుకలు ఎన్ని, మిణుగురులు ఎన్ని అని ప్రతి ఏడూ లెక్కపెడతారు. వేసవి సెలవుల్లో పిల్లలు పురుగులను పట్టి, గమనించి, బడికి రాసుకుని పోవడం అక్కడ తరతరాల అలవాటు. మన దగ్గరా ఉందండీ కీటకాల పెట్టె. నాకు తెలిసిన ఒక కళాశాలలో (పేరెందుకు లెండి) ఆ పెట్టె సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతుంది, డబ్బుకు. మూడు బ్యాచీలకు మార్కులు తెచ్చిపెట్టిన బొద్దింక ఒకటి అందులో ఉండేది, కాళ్ళు రాలిపోయి.

జపాన్ పుణ్యభూమి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. పిల్లలందరికీ వచ్చే పాటలోని ఎర్ర తూనీగలే అక్కడ 1990ల చివరినుంచి చాలాచోట్ల తగ్గిపోయాయి. వరి నారుకు పట్టించే కొత్త మందులతో దానికి సంబంధం ఉందని అక్కడివారు చూపగలిగారు. చూపగలిగారు, అదీ తేడా. జర్మనీలోని క్రేఫెల్డ్ ఊరి కీటకప్రియుల సంఘం 27 ఏళ్ళు వలలు కట్టి, పడిన పురుగులను తూకం వేసి దాచింది గనుకనే, రక్షిత ప్రాంతాల్లో కూడా ఎగిరే పురుగుల బరువు మూడు వంతులకు పైగా తగ్గిందని 2017లో లోకానికి తెలిసింది. మనకు ఆరుద్ర పురుగులు తగ్గాయని అందరమూ అంటాం. (అది ఎనిమిది కాళ్ళ జీవి, శాస్త్రం ప్రకారం కీటకం కాదు, ఆ సంగతి చెప్పినా చిన్నబుచ్చుకోదు.) ఎంత తగ్గాయి? ఎప్పటినుంచి? చెప్పగలవారు లేరు. ఉన్నప్పుడు లెక్కపెట్టనిది పోయినప్పుడు నిరూపించలేము.

ఇదంతా సైన్సువాళ్ళ పని, సాహిత్యం రాసుకునే మనకెందుకు అని మాత్రం అనకండి. కడపలో బంగళా కొనుక్కుని తెలుగు తాళపత్రాలు పోగుచేయించిన బ్రౌను దొర, తెలుగు భాషా సాహిత్యాలమీద తన వ్యాసాన్ని 1839-40లలో మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ అనే పత్రికలో అచ్చువేశాడు. కలివికోడికి ఇంగ్లీషులో తన పేరు తగిలించుకున్న జెర్డన్, నెల్లూరులో వైద్యుడిగా పనిచేసినవాడు, దక్షిణదేశపు చీమల పట్టీని 1851లో అదే పత్రికలో అచ్చువేశాడు. మన పద్యాలూ మన చీమలూ ఒకే అట్టల మధ్య ఉండేవి! ఆ పట్టీలో ఒక ఎగిరి దూకే చీమ ఉంది. 2010లో దాని జన్యుపటాన్ని అమెరికాలో చదివారు. కూలి చీమ రాణి స్థానంలోకి వస్తే దాని మెదడు కుంచించుకుపోతుందనీ, తిరిగి కూలికి దిగితే మళ్ళీ పెరుగుతుందనీ 2021లో ప్రకటించారు. (మన రాజకీయ వ్యాఖ్యాతలు దీన్ని ఇంకా వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యం.) బ్రౌను పేరిట కడపలో గ్రంథాలయం ఉంది. జెర్డన్ చీమల పట్టీని మాత్రం మన భాషలో కొనసాగించాలని ఎవరికీ తోచలేదు.

ఫ్రెంచివాడు ఫాబ్ర్ రాసిన పురుగుల చరిత్ర మొదటి సంపుటాన్ని 1922లో జపనీస్‌లోకి తెచ్చినవాడు ఏ ప్రొఫెసరూ కాదు. ఒసుగి సకాయె అనే అరాచకవాది, మరుసటి ఏడు భూకంపం తరువాత సైనిక పోలీసుల చేతిలో చచ్చిపోయినవాడు. విప్లవం చేయబోయిన మనిషికి పేడపురుగుతో గడిపే తీరిక దొరికింది. మన విప్లవ కవులకూ, మన భావకవులకూ, నిజం చెప్పాలంటే మన బ్లాగర్లకూ ఎందుకు దొరకదు?

కనుక నా కోరిక పెద్దదేమీ కాదు. కెమెరాలున్నవారు మనలో చాలామంది ఉన్నారు; పూలనూ సూర్యాస్తమయాలనూ కొన్నాళ్ళు వదిలేయండి. సొంతూరికి వెళ్ళినప్పుడు ఒక పురుగును ఫొటో తీయండి. తేదీ రాయండి, ఊరు రాయండి, ఏ మొక్కమీద ఉందో రాయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడున్న పెద్దమనిషిని అడిగి దాని పేరు రాయండి. గొల్లభామ అంటే ఒకరికి మిడత, ఇంకొకరికి ముందుకాళ్ళు జోడించి నిలబడే ఆకుపచ్చ పురుగు. రెండూ రాయండి, తగవు తరువాత తీర్చుకుందాం. ఈ పేర్లు తెలిసినవారి వయస్సు డెబ్భై దాటింది. లాటిను పేరు ఎవరో ఒకరు ఎప్పుడో పెడతారు. తెలుగు పేరు వారితో పోతే మళ్ళీ పెట్టలేము.

నా వంతు నేను మొదలుపెడతాను. మా ఊరి వంక గట్టున జిల్లేడు చెట్ల మీద వానాకాలంలో ఒక పెద్ద మిడత ఉంటుంది. ఒంటిమీద పసుపు, నీలం పట్టెలు, పెళ్ళిపందిరి రంగులు. మేక కూడా ముట్టని జిల్లేడాకు తిని దర్జాగా బతుకుతుంది. పట్టుకోబోతే ఒంట్లోనుంచి పిచికారీలా ఒక రసం చిమ్ముతుంది. మావాళ్ళు దాన్ని ఉత్తి జిల్లేడు మిడత అంటారు. ఆదోని వైపు, జమ్మలమడుగు వైపు, బద్వేలు వైపు వాళ్ళు ఏమంటారో చెప్పండి.